గూటికి పదడుగుల దూరంలో నీళ్ల పళ్లెం

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూలై మూడవ తేదీన, చంకలో గొడుగుతో, మేనమామను అడిగి తెచ్చుకున్న దుర్భిణి మెడలో వేలాడుతుండగా మా పక్షి పరిశీలన కేంద్రంలో కనిష్ఠ పరిశీలకులుగా చేరిన వ్యక్తిని, ఆనాటి గుమాస్తా ఎగాదిగా చూసి "రండి దుర్భిణిగారూ" అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. ముప్పై నాలుగేళ్ల అనంతరం ప్రధాన పరిశీలకులుగా పదవీ విరమణ చేసిననాడు, ఉత్తర్వులో ఉన్న అసలు పేరు ఎవరిదా అని మాలో సగం మంది తడుముకున్నాం.

తొలి పదేళ్లు కొంగల విభాగంలోనూ, ఆపైన నేల మీద గుడ్లు పెట్టే పక్షుల విభాగంలోనూ సేవలందించిన ఆయన, ఏ గుడ్లు ఎన్నాళ్లకు పగిలాయో, తల్లీ తండ్రీ ఏ వేళకు వంతులు మార్చుకున్నాయో, నాలుగు వేల పైచిలుకు గూళ్ల వివరాలు స్వహస్తాలతో లిఖించారు. మనం చూడాలే తప్ప చెయ్యి పెట్టకూడదన్నది ఆయన పట్టిన పట్టు. పొదిగే కాలంలో విధుల్లో ఉన్నవారు తప్ప ఎవరూ కంచె దాటరాదన్న నిబంధన రాసిందీ ఆయనే; డైరెక్టరుగారిని సైతం గేటు దగ్గరే నిలబెట్టిన ఘనులు. స్వభావరీత్యా మహా కంగారు మనిషి. మబ్బు పడితే వానని, మబ్బు విడితే ఎండని, దిగులు పడటానికి ఆయనకు ఏదో ఒకటి దొరికేది.

వారి అమ్మాయి నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నప్పుడు, ఆయన అద్దానికి దూరంగా స్టూలు వేసుకుని, పెట్టెలో వేడి ఎంతుందో అరగంటకోసారి నోటుబుక్కులో ఎక్కించేవారట. చూడవచ్చిన అత్తగారినీ మరదళ్లనూ, గుంపుగా వస్తే తల్లి బెదిరిపోతుందని గుమ్మంలోనే ఆపేశారట. "నేను కన్నది పిల్లనండీ, గుడ్డు పెట్టలేదు" అని వారి శ్రీమతిగారు మంచం మీద నుంచే చీవాట్లు పెట్టారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఈ కథ ఎత్తితే చాలు, గదిలోంచి లేచి వెళ్లిపోతుంది.

ఈ ఏడాది ఏప్రిల్ ఎనిమిదిన గట్టు కింద గులకరాళ్ల మధ్య తీతువుల జంట నాలుగు గుడ్లు పొదగడం మొదలుపెట్టింది. లెక్క ప్రకారం మే ఐదుకు పిల్లలు దిగాలి. ఆయన విరమణేమో ఏప్రిల్ ముప్పైన. దానికి సరిగ్గా ఆరు రోజుల ముందు మగ తీతువు కనబడకుండా పోయింది. మామూలుగా ఒకటి గుడ్లకు నీడగా నిలబడితే, రెండోది చెరువులో పొట్ట ఈకలు తడుపుకొచ్చి చల్లబరుస్తుంది. ఒంటరి తల్లి లేచి వెళితే గుడ్లు ఎండకు ఉడికిపోతాయి, వెళ్లకపోతే తనే సొమ్మసిల్లుతుంది. దుర్భిణిగారికి అన్నం సహించలేదు. ఏదో ఒకటి చేద్దామని సహాయ పరిశీలకురాలు ప్రాధేయపడితే, ఇన్నేళ్ల రికార్డు చెడుతుందని కసిరారు. చివరికి ఉద్యోగంలో మిగిలిన ఆఖరి మధ్యాహ్నం, తానే లోతు తక్కువ పళ్లెంలో నీళ్లు పట్టుకెళ్లి గూటికి పదడుగుల దూరంలో పెట్టి వచ్చారు. సాయంత్రం దాకా పక్షి అటు చూడనైనా లేదు. ఈ గూటి విషయంలో తాను జోక్యం చేసుకున్నానని, దీన్ని లెక్కల్లో కలపవద్దని పుస్తకంలో రాసి సంతకం పెట్టి, కంచె తాళం ఆమెకు అప్పగించారు.

మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడేవారు. అక్కడి నుంచి గూడు కనబడదు. లోపలికి రండి సార్, ఎవరేమంటారని మేమంతా బతిమాలినా, నిబంధన నిబంధనే అన్నారు. ఐదవ తేదీ ఉదయం సహాయ పరిశీలకురాలు గూటి వైపు నుంచి తిరిగి వస్తోంది. పక్షులున్న చోట పరిగెత్తకూడదు, అరవకూడదు, చెయ్యి ఊపకూడదు. రెండు వందల గజాలు. ఆమె దిగులుతో తల వంచుకుందా, దారి చూసుకుంటోందా అన్నది ఆయనకు అంతుపట్టలేదు.

"మూడు దిగాయి సార్. నాలుగోది మురిగిపోయింది."

"తల్లి?"

"పిల్లల్ని పళ్లెం దగ్గరికి తెచ్చుకుందండీ."

ఆయన గేటు కమ్మికి నుదురు ఆనించి, మా అందరి ముందే ఏడ్చేశారు.

దుర్భిణిగారు శ్రీమతితో, కుమార్తెతో నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని సహోద్యోగులమంతా మనసారా కోరుకుంటున్నాం. ఇకపై మధ్యాహ్నం పూట హాయిగా ఓ కునుకు తీయమని, కంగారు పడే ఉద్యోగం మాకు అప్పగించేయమని చేతులెత్తి వేడుకుంటున్నాం.