ఒక పక్క ఎత్తు

(తిరుపతి, రేణిగుంట రోడ్డు పక్కన ఒక కొయ్యపని షెడ్డు, అందులో పలకలు చిత్రిక పట్టే మిషను. 1979, దసరా పోయిన మరుసటి నెల. షెడ్డు యజమాని గంగాధరం, అతనికి పిల్లనిచ్చిన మేనమామ చెంగయ్య.)

"ఇంకొక తూరి తోసి సూడు అల్లుడా."

"ఎన్ని తూర్లు తోసినా ఇంతే మామా. ఇదో, ఈ పలక సూడు. ఇటు పక్క మందం, అటు పక్క పల్చన. చివరికి పోయేటప్పటికి గాటు గూడా పడతా ఉండాది."

"కొయ్యలో తేడా ఉంటాదేమో. పచ్చి కొయ్య."

"పచ్చిదా? రెండేండ్లు ఎండిన టేకు. నువ్వే ఏరినావు."

"నేను ఏరినానా. అయితే నా సూపే తప్పయి ఉంటాది."

"మామా, అట్ల మాట్లాడొద్దు."

"ఎట్ల మాట్లాడినా? ఆ పక్క కడ్డీకి మూలమట్టం పెట్టి సూసినావా?"

"సూసినా. సరిగ్గా ఉండాది."

"ఎనక బల్ల?"

"ఎత్తినా, దించినా. దారం లాగి సూసినా. రెండు బల్లలూ మట్టంగానే ఉండాయి."

"బెల్టు వదులయిందేమో సూడు."

"బెల్టు వదులయితే మిషను నిదానంగా తిరుగుతాది. పలక ఒక పక్క పల్చన ఎట్లవుతాది? నాకు ఈ పని నేర్పించింది నువ్వే, బెల్టు సూడమంటావేంది?"

"ముసిలోణ్ణి. ఏదో నోటికొచ్చింది చెప్పినా. నువ్వొక పని చెయ్యి. పోయి టీ తాగిరా. నాకూ ఒకటి తీసుకురా. నువ్వొచ్చే లోపల నేను సూసి పెడతా."

"ఇప్పుడే గదా తాగినాము."

"ఇంకొకటి తాగితే ఏమి."

"మామా... ఆ పొద్దు పందిట్లో..."

"ఏ పందిట్లో?"

"ఏ పందిరని అడుగుతావే. జ్ఞానాంబ టీచరమ్మ గృహప్రవేశం."

"అది అయిపోయింది గదా. మిషను సంగతి సూడు."

"మనం చేసిచ్చిన తలుపు మూసి తెరవమని అయ్యవారు చెప్తే, సగానికొచ్చి పట్టేసింది. కలశం పట్టుకొని ఆయమ్మ వాకిట్లో నిలబడిపోయింది. అందరూ నా మొగం సూస్తా ఉండారు. పలక ఒక పక్క మందంగా ఉండాదే, మిషనుకి బ్లేడు కట్టిందెవురని అడిగితే నోరు జారినా మామా. మా మామకి సూపు పోయింది, మొగమాటానికి పని ఇస్తా ఉండానని..."

"గట్టిగానే చెప్పినావులే. ఎనక కూచున్నోళ్ళకి గూడా వినపడింది."

"సిగ్గుతో సచ్చిపోతా ఉండా. అన్నం లోపలికి పోలేదు ఆ పొద్దు నుంచి."

"నాకు పోతా ఉందిలే. అయితే ఒకటి. మునెయ్య కల్యాణమంటపం తలుపులు నాకు చెప్పి ఉండె. మొన్న కొలతలకని పోతే, ఇంట్లో కూచో చెంగయ్యా, ఈ వయసులో నీకెందుకు అగసాట్లు అన్నాడు. చెవుడు గూడా వచ్చిందనుకున్నాడో ఏమో, అరిచి చెప్పినాడు. తిరిగొస్తా ఉంటే బస్టాండు కాడ ఎవురో పుణ్యాత్ముడు నా చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించినాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా. దాటినా."

"మామా..."

"నేను ఈ పక్కకే రావల్సింది గూడా. అక్కడ దాటే పని లేదు. అయినా దాటినా. వొద్దంటే ఆయప్ప నొచ్చుకుంటాడని."

"నీ కాళ్ళు పట్టుకుంటా. మునెయ్య దగ్గిరికి నేను పోతా, నేనే చెప్తా. కానీ ఏమని చెప్పేది? తప్పు యాడుండాదో తెలిస్తే గదా. అందుకే నిన్ను పిలిచినా. అన్నీ సూసేసినాము. ఇంక మిగిలింది బ్లేడే. ఇప్పి సూస్తా."

"బ్లేడు జోలికి పోవద్దు."

"ఎందుకు?"

"నేను కట్టిన బ్లేడు. నేనే ఇప్పుతా. నువ్వు టీకి పో."

"మళ్ళీ టీ అంటావే. స్పానరు ఇట్లియ్యి."

"కరెంటు ఆపినావా?"

"ఆపినా."

"జాగ్రత్తప్పా. నా కుడిచేతి ఉంగరం వేలు పోయింది ఇట్ల తొందరపడినందుకే. గంగాధరా, చెప్తా ఉండా, వొదిలెయ్. నేను కట్టేటప్పుడే ఒక పక్క లేచింది, అంతే. ఆ పొద్దు పందిట్లో గూడా ఒప్పుకున్నా గదా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మిషన్ని అనొద్దు."

"లేచింది నిజమే. ఎందుకు లేచింది? బ్లేడు బాగుండాది, బోల్టులు గట్టిగా ఉండాయి. కింద ఏదో... మామా, ఇట్ల రా. బ్లేడు కూచునే గాడి లోపల ఈ ఎర్రగా ఉండేది ఏంది?"

"తుప్పు."

"తుప్పు కాదు. గోటితో గీకితే వస్తా ఉండాది. చందనం. చందనం మింద కుంకం. ఎండి రాయి మాదిరి అయిపోయింది. దీని మింద బ్లేడు కూచోబెడితే ఒక పక్క లేవకుండా ఎట్లుంటాది?"

"దొరికింది గదా. గీకేసి బిగించు."

"ఇది ఆయుధ పూజ నాడు పెట్టిన బొట్టు."

"అయి ఉంటాది. నేనే పెట్టినా. పెట్టి, తుడిసేది మరిసిపోయి, దాని మిందనే బ్లేడు కట్టినా. సూపు సరిగ్గా ఆనలేదు."

"నువ్వు పెట్టినావా?"

"ఊఁ."

"బొట్టు పెట్టే వేలు నీకు లేదు గదా మామా. ఉంగరం వేలు తప్ప ఇంకో వేలితో పెట్టకూడదని, ప్రతి పండగకీ బ్లేడ్లు ఇప్పి వరసగా పెట్టి, నన్ను పిలిచి నాతోనే పెట్టిస్తావు."

"ఈ యేడు నేనే..."

"ఈ యేడు పండక్కి నువ్వు పుత్తూరులో ఉన్నావు, మీ తమ్ముడింట్లో. ముందర పొద్దు బ్లేడ్లు ఇప్పి కడిగి పెట్టి పోయినావు. విజయదశమి మధ్యాన్నం నేను షెడ్డుకి వచ్చేటప్పటికి పూజ అయిపోయి ఉండాది, బ్లేడ్లు కట్టి ఉండాయి. పొద్దున్నే నువ్వొచ్చి కట్టినావేమో అనుకున్నా."

"మల్ల ఆ పూజ నువ్వు చెయ్యలేదా?"

"నాకు... ఆ పొద్దు వొంట్లో బాగలేదు. పడుకొనుంటి."

"ఊఁ. వొంట్లో బాగలేదు."

"జరం."

"జరమే అయి ఉంటాది."

"మామా, దేవకి గదా చేసింది?"

"స్పానరు ఇట్లియ్యి. నేను బిగిస్తా."

"చెప్పు మామా. నా పెండ్లామే గదా?"

"పండగ పూట మిషను బొట్టు లేకుండా ఉండకూడదని పెట్టింది. తెల్లారి మంచి గడియలో ఒక పలకైనా తోసేది మన ఆనవాయితీ, నువ్వు లేస్తే తోస్తావని బ్లేడ్లు గూడా తనే బిగించి పెట్టింది. చిన్నప్పటి నుంచీ నా పక్కన కూచొని సూసిందే. అన్నీ సరిగ్గా చేసింది. బొట్టు ఒక్కటి తుడిసింది కాదు. బొట్టు తుడిసేదానికి దానికి చేతులు రాలేదంట."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పందిట్లోనే. తలుపు అంచు మింద చెయ్యి పెడతానే తెలిసింది, బ్లేడు ఒక పక్క లేచుండాదని. నేను కట్టిందయితే అట్ల లేవదు. తల తిప్పితే దేవకి కొంగు నోట్లో పెట్టుకొని ఏడస్తా ఉండాది."

"తెలిసీ నిలబడినావా? అంత మందిలో నిన్ను గుడ్డోడని నేను అంటా ఉంటే, అవునప్పా నేనే కట్టినానని చెయ్యెత్తి దండం పెట్టినావే. యాబై యేండ్లు సంపాదించుకున్న పేరు మామా."

"పేరుదేముందిలే."

"కూతురి కోసం ఇంత భరించినావు. దేవకిని నేనేమన్నా అంటానని భయపడినావా? ఒక్క మాట అనను. నువ్వు నిజం చెప్పుండొచ్చు, బ్లేడు కట్టింది నా బిడ్డ అని."

"దేవకికేమి? ఆడబిడ్డ మిషను బ్లేడు కట్టిందంటే నాకు గొప్పే. మీసం తిప్పుకొని చెప్పుకుందును."

"మల్ల ఎందుకు చెప్పలేదు?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మింద పడతాదప్పా. కూతురు కట్టిందని చెప్తే, పూజ పొద్దు ఇంటి మొగోడు యాడున్నాడని అడుగుతారు. రైలు గేటు కాడ సారాయంగడి ముందర పడుంటే, ఆ బిడ్డే రిక్షాలో ఏసుకొని ఇంటికి తెచ్చుకునిందని, అంత మందిలో నా నోటితో చెప్పమంటావా అల్లుడా?"