మూడు సూతుల మందం

1994 ఆగస్టు 17వ తేదీన మా శిక్షణ సంస్థ కోరుట్ల శాఖలో వడ్రంగ బోధకులుగా ఉద్యోగ ప్రవేశం చేసిన జనాబ్ సలావుద్దీన్ గారు, ముప్పై రెండేళ్ల సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున జగిత్యాలలో పదవీ విరమణ చేస్తున్నారు.

2003లో సిరిసిల్లకు బదిలీ అయిన వారు, పొరలు కత్తిరించి అతికించి నమూనాలు చేసే తొలినాటి త్రీడీ ముద్రణ పద్ధతిని పుస్తకంలో చదివి, యంత్రం లేదని ఊరుకోక, పాత పెళ్లికార్డుల అట్టలతోనే విద్యార్థుల చేత మరమగ్గాల పళ్లచక్రాలకు నమూనాలు చేయించారు. 2014లో జగిత్యాలకు వచ్చారు. రెండేళ్లకు ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలు పేర్చే ప్రింటర్ వచ్చింది. దాని బాధ్యత కొత్తగా చేరిన నాకు, పర్యవేక్షణ వారికి అప్పగించారు.

2017లో సిరిసిల్ల నుంచి మరమగ్గం నడుపుకొనే సాయవ్వ విరిగిన పళ్లచక్రం పట్టుకొని వచ్చింది.

"నా సాంచ బందయ్యింది సారూ. మందం మూడు సూతులుండాలె."

సాంచ అంటే మరమగ్గం, సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నేను 3 అని టైపు చేశాను. యంత్రం దాన్ని మిల్లీమీటర్లనుకుంది. ఆ నమూనాతో పోత పోసిన చక్రం అప్పడంలా వచ్చి, మగ్గానికి బిగించిన పది నిమిషాలకే విరిగింది. పైగా ప్రింటర్ మొరాయించింది. సలావుద్దీన్ గారు మధ్యాహ్నంలోగా అట్టలు కత్తిరించి, అతికించి, మూడు సూతుల నమూనా చేసి పోతకు పంపారు. మర్నాడు సాంచ నడిచింది.

చక్రం విరిగినందుకు జరిగిన విచారణలో మాత్రం "తప్పు నాదే" అని వారు సంతకం చేశారు. మెమో వచ్చింది, పదోన్నతి ఏడాది వెనక్కి పోయింది. ఎందుకలా చేశారని అడిగితే నవ్వారు.

"నువ్వింకా ప్రొబేషన్ల ఉన్నవ్ బిడ్డా. గిప్పుడే మెమో పడితే జిందగీ అంత చెయ్యి వణుకుతది. నాదేముంది, ముదిరిన చెయ్యి."

ఈ మాట వారు ఇంట్లో భార్యాబిడ్డలకు కూడా చెప్పలేదని ఈ మధ్యే తెలిసి సిగ్గుపడ్డాను. హఫీజా బేగం గారూ, అమ్మా ఇరమ్, ఆ తప్పు సలావుద్దీన్ గారిది కాదు, నాది. తొమ్మిదేళ్లు ఆలస్యంగా ఒప్పుకుంటున్నాను, మన్నించండి.

సలావుద్దీన్ గారు ఆయురారోగ్యాలతో, సకుటుంబంగా నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన కోరుకుంటున్నాను. నూరు, సంవత్సరాలలోనే. ఈసారి కొలత సరిచూసుకొనే రాశాను.

— గీత, నమూనాల విభాగం