పోతు దుంప, పెంటి దుంప

వరాలమ్మని ఒకావిడ ఉండీదంట. కొండ కింద ఊరికి కోడలై వచ్చినాది గానీ పుట్టిల్లు సముద్రం ఒడ్డున, సేపలు తప్ప దానికేటీ తెల్దు. అనుమానం మనిషి అనుకో. పక్కింటి కుక్క తోకూపితే, ఇదెందుకు ఊపతన్నాదీ అని లోపలికెల్లి తలుపేసుకునీ రకం. నవ్వకండి, మీలోనూ ఉన్నారు. పక్కింటావిడ దాలమ్మ. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు, ఒంటి మనిషి. రెండిళ్ళకీ నడుమ దడి, దడి మీదికి పెద్ద పనస సెట్టు. ఆ నీడకి తోటకూర కూడా మొలిసీది కాదంట. అప్పుడు దాలమ్మ ఏటన్నాదంటే, ఒలే వరాలూ, అడివిలో సెట్ల నీడనే కదే ఆగాకర తీగ పాకుతాది, దుంపలు తెచ్చి ఇక్కడ పాతుకుందాం, కూరకని కొండెక్కక్కర్లేదు అన్నాది. సరేనని ఎండాకాలంలో ఇద్దరూ గునపాలు పట్టుకుని ఎల్లేరు.

ఎండలకి తీగ మాడిపోతాది, దుంప నేల్లో ఉంటాది కదా. ఏది ఎక్కడుందో దాలమ్మ ముందేడు వానల్లోనే రాళ్ళెట్టి గురుతు సేసుకున్నాది. తవ్వి రెండు కుప్పలు పోసి, ఇవి పోతులు, ఇవి పెంటివి, సగం సగం తీసుకోయే అన్నాదంట. పోతుతాడి అంటాం సూడు, కాయ కాయదు, అలాగే ఇదీని. మగది పోతు, ఆడది పెంటి, మీకు తెలుసు. సముద్రం ఒడ్డుదానికేటి తెలుస్తాది? పోతంటే బలిసినదనుకున్నాది. పెంటంటే, పెంట మీద పారేసీది నాకు అంటగడతన్నాది అనుకున్నాది. సగం ఎందుకప్పా, నాకివి సాలు అని పోతు దుంపలన్నీ కొంగులో యేసుకున్నాది. దాలమ్మ సెప్పబోతే ఇన్లేదు. మజ్జిన దడే కదా, పోనీలే అని ఊరుకున్నాది ఆవిడ.

వానలు పడ్డాయి, రెండు పక్కలా తీగలు దడెక్కీసినాయి. అప్పుడేటైందంటే, వరాలు కూతురు కాంతం నెల తప్పి పుట్టింటికొచ్చినాది. ఒకటే వాంతులు. గంజి కూడా ఆగదు, కళ్ళు లోపలికి పోయినాయి. ఆగాకర ఏపుడైతే తింటానమ్మా అని అడగడం. సూస్తే వరాలు తీగనిండా పసుప్పచ్చ పువ్వులు, పిందన్నది లేదు. దడికవతల దాలమ్మ తీగకి కాయలే కాయలు. అడగొచ్చు కదా అంటారా? అడగదు. దాలమ్మే ఆకులో ఏపుడు పట్టుకొస్తే, ఇందులో ఏటి కలిపిందో అని కాలవలో పారేసినాది. పిల్ల కడుపు మాడినా సరే గానీ!

ఇంక వరాలు దడి సందులోంచి కాపలా. రోజూ సందేళ పువ్వు ఇచ్చుకునీ యేళకి దాలమ్మ వొచ్చీది. సెయ్యి ఇవతలికి సాపి వరాలు తీగ పువ్వు ఒకటి తుంపుకునీది. తన పువ్వుకి దాన్ని రాసి, పట్టు తల్లీ, పట్టు, గట్టిగా పట్టు అనీది. పిందె పట్టమని అంటన్నాది ఆవిడ. నీడకి తుమ్మెదలు రావు, మనమే రాయాలి కదా. వరాలుకి ఎలా ఇనబడినాదంటే, దెయ్యాన్ని పట్టమంటన్నట్టు ఇనబడినాది. సిల్లంగి పెడతన్నాది, సేతబడి సేస్తన్నాది, నా పువ్వుతో నా పిల్ల కడుపుని పట్టిస్తన్నాది అని ఊరంతా సెప్పీసింది. తన తీగమీద పాత సీర కప్పీసింది. ఒంటి ఆడదాని మీద సిల్లంగి అంటే ఊరు నమ్మడానికి ఎంతసేపు? పెద్దలు కూకున్నారు. నిజమని తేలితే సంతనాటికి ఊరొదిలి పోవాల అన్నారు.

దాలమ్మ ఒచ్చి నిలబడింది. కొంగులో పది పిందెలు, పండి రాలినవి, గోరంతేసి. నేల మీద పోసి అన్నాదంట, “వరాలూ, నువ్వు సీర కప్పినకాడ్నుంచి ఒక్కటీ నిలబడలేదే. పోతు దుంపలన్నీ నువ్వే పట్టికెల్లేవు. నీ పువ్వు లేందే నాకు కాయ లేదు.” అక్కడున్న ఆడోళ్ళు కిసుక్కుమన్నారు. వరాలు, పోతంటే బలిసింది కాదేటి అన్నాది. ఇంకేటుంది, ఊరిపెద్ద నాయుడు నవ్వు ఆపుకుని, సిల్లంగీ లేదు ఏటీ లేదు, ఇళ్ళకెల్లండి అన్నాడు. దాలమ్మ తీగకి మిగిలిన నాలుగు కాయలూ కోసి ఏపి కాంతం ముందెట్టింది. పిల్ల తిన్నాది. కడుపులో ఆగినాది. తల్లి ఏడిసింది.

అయిపోయిందనుకున్నారా? అబద్దమని అందరికీ తెలిసినాది గానీ, దాలమ్మ నడిసొస్తంటే పిల్లల్ని కొంగు సాటుకి లాక్కోడం మానీలేదు ఎవులూ. మళ్ళీ ఎండాకాలానికి దాలమ్మ తన దుంపలు తవ్వుకుని, తోడబుట్టిన అన్న ఊరికి పోతానన్నాది. పోయీ ముందు దడికాడికొచ్చి, “పోతులు రెండియ్యే, పెంటివి రెండు తీసుకో. ఇద్దరికీ కాస్తాయి” అన్నాది. వరాలు సూసింది. పోతా పోతా మంచివి ఎందుకిస్తాది, ఏటో సేసే ఉంటాది అనుకున్నాది. వద్దప్పా అన్నాది.

ఆ పనస కింద ఇప్పటికీ వానలొస్తే పువ్వులే పువ్వులంట. ఒక్క కాయ లేదు. వరాలుని అడిగి సూడండి, ఏటంటాదో తెలుసా? సూసేరా, ఎల్తా ఎల్తా నా కాయలు పట్టుకుపోనాది అంటాది. దానికేటి సెప్తాం? మెల్లిగా నవ్వండి, మా పక్కింటావిడ ఇంటన్నాది, తనగురించే అనుకుంటాది.