అత్తయ్య ఓట్లు పట్టని పెట్టె

నర్సుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ల గది. బయట హాల్లో ఎన్నికల ఫలితం అప్పుడే చదివారు.

"తలుపు గడియెందుకు పెట్టారు అత్తయ్యా?"

"మీరు పారిపోకుండా, అల్లుడుగారూ. కూర్చోండి. నాకెన్ని ఓట్లొచ్చాయి?"

"చదివారుగా. మీ మీద నిలబడ్డావిడకి ముప్పై ఎనిమిది వేలు. మీకు నాలుగు వేల నాలుగొందల అరవై నాలుగు."

"ముప్పై ఏళ్ళు చాకిరీ చేశానిక్కడ. నన్ను తిట్టుకునేవాళ్ళే అంతకంటే ఎక్కువుంటారు, వాళ్ళలో సగంమంది నాకే వేశారు. నిజం చెప్పండి."

"ఫోన్లో వేసే ఓట్లు కదండీ, ఒక్కోసారి నెట్‌వర్కు..."

"నెట్‌వర్కూ లేదు, నా మొహమూ లేదు. ఎన్ని?"

"డెబ్భై వేలు."

"ఏంటీ?"

"అచ్చంగా డెబ్భై వేలు. కొంచెం మెల్లగా అరవండి."

"మిగతావి ఎవడు మింగాడు?"

"ఎవరూ మింగలేదు. లెక్కపెట్టే పెట్టె చిన్నది. అంకెకి ఎంత చోటు కావాలో కంప్యూటరుకి ముందే చెప్పాలి. నేను చెప్పిన చోట్లో అరవై అయిదు వేల అయిదొందల ముప్పై అయిదే పడుతుంది. ఇంకొక్కటి వేస్తే..."

"పొంగిపోతుందా?"

"పొంగినా బాగుండు, కనబడేది. మళ్ళీ సున్నా నుంచి మొదలెడుతుంది."

"మా ఆయన పాత స్కూటర్ మీటర్లా."

"అంతేనండీ."

"ఆ మీటర్ చూపించే కొత్త బండి అని అమ్మేశారు మహానుభావుడు. ఆయనకి తగ్గ అల్లుడే దొరికారు. అంత చిన్నదెందుకు పెట్టారు?"

"మా కాలనీ క్లబ్బు ఎన్నికలకి నేను రాసిన ప్రోగ్రామది. ఎనిమిది వందలమంది. అదే తెచ్చి ఇక్కడ పెట్టా."

"పెద్ద పెట్టె లేదా?"

"ఉంది. ఒక్క మాట మార్చి మళ్ళీ లెక్కేస్తే చాలు. రెండు నిమిషాలు."

"మరి మార్చరేం! అవతల దండలు వేసేస్తున్నారు. సంతకాలైపోతే మూడేళ్ళు నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి."

"పోనిద్దురూ అత్తయ్యా. గెలిస్తే ఊరూరా తిరగాలి, మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి మీకెందుకు? ఇది ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఏది?"

"అల్లుడుగారూ."

"పోయిన వారం."

"ఓట్లు పడకముందే! తెలిసీ ఊరుకున్నారా? ముందు మార్చండి!"

"మారుస్తున్నా, మారుస్తున్నా. ఇంటికెళ్ళాక నా గతేంటో..."

"ఇంట్లో ఎవరికి భయపడుతున్నారు?"

"మీ అమ్మాయికి. తనే వద్దంది. మీరు గెలిస్తే పాపని ఎవరు చూస్తారు, ఆయా దొరికాక పైసారి గెలిపిద్దాంలే అంది."

"నోరు ముయ్యండి! మీ తప్పు దాని మీదికి నెట్టకండి. వారం రోజులు గొంతు పోయేలా ఊరూరా ఫోన్లు చేసి, మా అమ్మకి వెయ్యండి, మా అమ్మకి వెయ్యండి అని ఓట్లడిగింది నా బంగారుతల్లి!"

"అడగదా మరి? అరవై అయిదు వేలు దాటిస్తే గానీ మీరు ఓడిపోరు కదా అత్తయ్యా."