నలభై ఆరో నంబరు బూట్లు

జిల్లా పోలీసు స్టేషను, రెండో గది. 2019 సెప్టెంబరు 10, మంగళవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. చెప్పినది చెప్పినట్టు రాసుకున్నవారు లెఫ్టినెంట్ తిలెక్ సాదిరోవ్.

నా పేరు బుర్మకాన్ ఇసాయెవా. వయస్సు అరవై నాలుగు. ఇస్సిక్-కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున కోక్-బుతా గ్రామంలో ఉంటాను. 1973 నుంచి 1993 దాకా సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పాలు పితికే పని చేశాను. అది మూతపడ్డాక సొంత ఆవులకు పితుకుతున్నాను. రెండున్నాయి. వృత్తి అనే చోట లెఫ్టినెంట్ గారు పింఛనుదారు అని రాశారు. పింఛను తీసుకోవడం పని కాదు, ఆవుల సంగతి రాయమన్నాను. రాశారు.

నా మీద వచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. ఎస్బెన్ అనే డెన్మార్క్ దేశస్థుణ్ణి, వయస్సు ముప్పై నాలుగు, సెప్టెంబరు 7వ తేదీ శనివారం నలుగురు లాక్కుపోయారని, మా ఇంట్లో మూడు రోజులు ఉంచేశామని అందులో ఉంది. అక్కడ ఒక పసిపిల్ల కాళ్ళు కట్టేసి ఉన్నాయని, ఒక ముసలావిడ అతని చేతికి కత్తి ఇచ్చిందని కూడా ఉంది. అన్నీ నిజమే. ఆ ముసలావిడను నేనే.

పిల్ల నా మనవరాలు అకిలాయ్. ఇదిగో, నా వెంటే స్టేషనుకు వచ్చింది. ఇరవై నెలలు. జూన్ 30న వంటగదిలో మొదటిసారి నాలుగడుగులు వేసింది. నాలుగో అడుగుకు పొయ్యి ఇనప తలుపు మీద చెయ్యి ఆనించింది. అరచెయ్యి కాలింది. కూలబడింది. ఆ రోజు నుంచి గోడ వదల్లేదు. చెయ్యి మానింది గాని గోడ వదల్లేదు. జూలైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి, భయం పోవాలంతే అన్నాడు డాక్టరు. భయానికి మందు ఏ షాపులో దొరుకుతుందో మాత్రం చీటీ రాసివ్వలేదు. మా అబ్బాయి సగిన్ గొర్రెలతో కొండ మీద ఉన్నాడు. కోడలు సైకల్ రోజూ పిల్ల పాదాలకు వెన్న రాసి, "ఒక్కడుగమ్మా, ఒక్కటంటే ఒక్కటే" అని బతిమాలేది. వినలేక నేను పాకలోకి వెళ్ళిపోయేదాన్ని.

అందుకని కాలిముడి కోయిద్దామని నిర్ణయించాను. ఈ కాగితం నకలు డెన్మార్క్ వాళ్ళకు వెళ్తుందట, కాబట్టి అదేమిటో చెప్పమని లెఫ్టినెంట్ గారు అడిగారు. నడక వచ్చిన పిల్ల చీలమండలకు నలుపు తెలుపు ఊలుదారం పేని కడతాం. ఊళ్ళోవాళ్ళు పరుగు పందెం పెట్టుకుంటారు. ముందొచ్చినవాళ్ళు కత్తితో ఆ ముడి కోస్తారు, పిల్ల రెండు చేతులూ పట్టుకుని నడిపిస్తారు. ముడి కోసినవాళ్ళ నడకే పిల్లకు వస్తుంది. లెఫ్టినెంట్ గారి ముడి కోసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఎవరు కోశారో, ఆ తర్వాత ఈయన ఎన్నిసార్లు పడ్డారో కూడా చెప్పాను. అది రాయనక్కర్లేదన్నారు.

శనివారం మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలకు పందెం. బస్టాపు నుంచి మా గేటు ముందు పరిచిన తివాచీ దాకా, నూట ఎనభై అడుగులు. పదకొండు మంది నిలబడ్డారు. పక్కింటి టోక్తోబుబు మనవరాలు నుర్జాన్ మీద నేను ఆశ పెట్టుకున్నాను. పద్నాలుగేళ్ళది, జిల్లా పోటీల్లో కప్పు తెచ్చింది. గెలిచినవాళ్ళకు పొట్టేలు ఇస్తామని చెప్పాం.

2.30కి పట్నం నుంచి వచ్చే బస్సు ఆగింది. డ్రైవరు ఎండగా ఉందని దాన్ని మా గేటు దాటించి చెట్ల నీడన పెట్టాడు. ఈ ఎస్బెన్ అప్పుడు బస్టాపు వెనక మరుగుదొడ్డిలో ఉన్నాడు. బయటికొచ్చేసరికి బస్సు లేదు. అదే క్షణంలో డ్రైవరు హారన్ కొట్టాడు. పందెం మొదలుపెట్టడానికి కొట్టమని నేనే చెప్పాను. పదకొండు మందీ ఒక్కసారి పరుగందుకున్నారు. వీళ్ళంతా బస్సు కోసమే పరిగెత్తుతున్నారనుకున్నాడు ఇతను. తానూ పరిగెత్తాడు. కొంగ కాళ్ళు ఇతనివి. నుర్జాన్ కంటే మూడడుగులు ముందు తివాచీ తొక్కాడు. తొక్కి, ఆగకుండా బస్సు వైపే పోతున్నాడు. నలుగురు పట్టుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది, దాచను. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందని అనుకున్నాను. టోక్తోబుబు ఊరుకుంటుందా?

"ఏమే బుర్మకాన్, కళ్ళారా చూశాంగా, గెలిచింది ఆ పొడుగోడే. ఇంక నీ మనవరాలు జన్మంతా బస్సు వెనకాల పరిగెత్తుద్దిలే!"

"పందెంలో లేనోడు గెలిచినట్టెట్టా అవుద్దే?" అన్నాను.

"కాళ్ళు గెలిచినయ్యి. పేరు రాయించుకున్నాడా లేదా అని ముడి అడుగుద్దా?" అంది.

పెద్దలు ఆమె మాటే సరైనదన్నారు. అడ్డు చెబితే పిల్లకు మంచిది కాదు. నేనే కత్తి తెచ్చి అతని చేతిలో పెట్టాను. అతను కత్తి చూశాడు, పిల్ల కాళ్ళ ముడి చూశాడు, నన్ను చూశాడు. సున్నం కొట్టినట్టు తెల్లబోయాడు. "బస్సు, బస్సు" అన్నాడు. ఇంగ్లీషు టీచరు చినారా జనాన్ని తోసుకుంటూ వచ్చి, "బాబూ, పిల్లని కాదు, దారాన్ని కొయ్యాలి!" అని చెప్పేసరికి ప్రాణం లేచొచ్చింది అతనికి. వంగి కోశాడు. దారం తెగగానే ఊరంతా కేక పెట్టాం. ఆ కేకకే కాబోలు, ఆలస్యమైపోయిన డ్రైవరు బస్సు తీశాడు. కిటికీలోంచి ఒక విదేశీ ఆవిడ కత్తిని, కట్టిన కాళ్ళను చూసింది, కేక వింది. ఫిర్యాదు ఇచ్చింది ఆవిడే. ఆవిణ్ణి తప్పు పట్టను. వాళ్ళ ఊళ్ళో నేను అలాంటిది చూసి ఉంటే నేనూ పోలీసుల దగ్గరికే పరిగెత్తేదాన్ని.

ముడి కోసినవాడు పిల్ల చేతులు పట్టుకుని నడిపించాలి. అది అతనికి తెలియదు. కత్తి కింద పెట్టేసి, వెనక్కి జరిగి, గొంతుక్కూర్చుని, చేతులు చాచి "రా" అన్నాడు. పిల్ల సైకల్ వేలు వదిలింది. ఏడడుగులు వేసింది. ఏడు. నేను లెక్కపెట్టాను. ఏడో అడుగుకు అతని ఎర్ర గడ్డం పట్టుకుంది. సైకల్ మట్టిలో కూర్చుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అంత సంతోషం నాకు సగిన్ పుట్టినప్పుడు కూడా కలగలేదు. ఈ మాట సగిన్‌కు చదివి వినిపించవద్దు.

బస్సు పోయింది. మళ్ళీ బస్సు ఆదివారం 2.30కే. గెలిచిన పొట్టేలును కోసి గెలిచినవాడికే పెట్టాం. సాయంత్రం ఆరింటికి నేను చేతులు చాచి పిల్లను పిలిచాను. రాలేదు. సైకల్ పిలిచింది. రాలేదు. గోడ పట్టుకుంది. ఎస్బెన్ ఎదురుగా కూర్చుంటే మాత్రం వదిలి నడిచింది. మళ్ళీ నేను పిలిచాను. గోడ.

రేపు ఇతను బస్సెక్కితే పిల్ల నడక కూడా ఆ బస్సే ఎక్కిపోతుందని నాకు భయం పట్టుకుంది. కాబట్టి ఆదివారం ఉదయం నాలుగున్నరకు, పాలు పితకడానికి లేచినప్పుడు, గుమ్మం దగ్గరున్న అతని బూట్లు తీసి కోళ్ళగూట్లో గడ్డి కింద దాచాను. నలభై ఆరో నంబరు. ఆ కొలత పాదం మా ఊళ్ళో ఎవరికీ లేదు. ఎవరినీ అడిగి చేయలేదు. సైకల్‌కు తెలియదు. ఇది నేనొక్కదాన్నే చేసిన పని.

ఎనిమిదింటికి అందరూ వెతికారు. కుక్క ఎత్తుకెళ్ళి ఉంటుందన్నాను. "అత్తయ్యా, మనకి కుక్క లేదు కదా" అంది సైకల్. పక్కింటి కుక్క అన్నాను. టోక్తోబుబు గోడ మీంచి తల పెట్టింది.

"మా కుక్కకి నోట్లో పన్ను లేదు. గంజి తాగే ముసలిదాని మీద నింద వేస్తావా? కళ్ళు పోతయ్యే నీకు!"

ఎస్బెన్ నా రబ్బరు చెప్పులు వేసుకున్నాడు. మడమలు బయటే. అలాగే ఊరంతా తిరిగాడు. 2.30 బస్సు వచ్చింది, వెళ్ళింది. నేను దాని వైపు చూడలేదు.

ఇప్పుడు లెఫ్టినెంట్ గారు అతను ఇంగ్లీషులో రాసుకునే నోటు పుస్తకంలో ఒక పేజీ చూపించారు. "ముసలావిడ నా చేతిలో కత్తి పెట్టింది. ఇంతగా ఎప్పుడూ భయపడలేదు" అని ఉందట. పేజీ తిప్పండి నాయనా అన్నాను. ఆదివారం సాయంత్రం టీ దగ్గర ఆ పుస్తకమంతా చినారా మాకు చదివి చెప్పింది. అతనే ఇచ్చాడు చదవమని. ఊళ్ళో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు.

"ఈ దేశంలో ఎవరూ నవ్వరనుకున్నాను. ఫోటో తీసేటప్పుడు మాత్రమే నవ్వరు" అని రాశాడు. అది నిజమే. ఫోటో అంటే పాస్‌పోర్టు కదా.

"కనబడిన ప్రతివాళ్ళూ మూడు ప్రశ్నలు అడుగుతారు. వయసెంత, పెళ్ళైందా, ఎందుక్కాలేదు" అని రాశాడు. దానికి టోక్తోబుబు, "ఇంతకీ ఎందుక్కాలేదో కనుక్కోవే చినారా" అంది. అదీ రాసుకున్నాడు.

"కప్పులో సగమే టీ పోస్తారు. మొదట పిసినారితనం అనుకున్నాను" అని రాశాడు. మొదటి రోజు అతను వేలితో కప్పు అంచు చూపించి, నిండా పొయ్యమని అడిగినప్పుడు అందరూ నా వైపు తిరిగారు. కప్పు నింపామంటే ఇక లేచి వెళ్ళమని అర్థం. అడిగి మరీ గెంటించుకునేవాణ్ణి నేను అప్పుడే చూశాను. సగమే పోశాను. ముప్పైసార్లు పోశాను.

ఊరి సభలు జరిగే కల్చర్ హౌసు ముందు చెయ్యి చాచి నిలబడ్డ పాత విగ్రహాన్ని చూసి, సోవియట్ రోజులు బావుండేవా, ఇప్పుడు బావుందా అని నన్ను అడిగాడు. "చినారా, ఇట్టా చెప్పు. జెండా మారింది, డబ్బు మారింది, పటం మీద దేశం పేరు మారింది. ఆవు మాత్రం అప్పుడూ నాలుగున్నరకే అరిచింది, ఇప్పుడూ నాలుగున్నరకే అరుస్తంది. నేను ఆవు మాట వింటా" అన్నాను. అతను చాలాసేపు రాశాడు. ఏం రాశాడని అడిగితే, "మీరు చెప్పిందే, రెండుసార్లు" అన్నాడు.

చివరి పేజీలో ఇలా ఉంది: "బూట్లు పోయాయి. సంచీ బస్సులో పోయింది. ఎక్కడికీ వెళ్ళలేను. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను." అది చదివేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేను పాలు పొంగుతున్నాయని బయటికి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు.

సెప్టెంబరు 9, సోమవారం, ఉదయం 11 గంటల 10 నిమిషాలు. ఎస్బెన్ మా వాకిట్లో బల్ల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కోళ్ళగూడు అతని వెనక ఉంది. గుడ్ల కోసం వెళ్ళిన సైకల్ గూటి తలుపు తీసి పెట్టింది, పిల్లను దాని పక్కన దించింది. నేను బావి దగ్గర ఉన్నాను. గూట్లోంచి అకిలాయ్ బయటికి వచ్చింది. నడిచి వచ్చింది. చేతిలో బూటు లేసు ఉంది. బూటు వెనకాల మట్టిలో ఈడుస్తూ తెస్తోంది. ఎవరూ ఎదురుగా కూర్చోలేదు. ఎవరూ చేతులు చాచలేదు. ఎవరూ రమ్మనలేదు. అతను అటు తిరిగి ఉన్నాడు. వాకిలి మధ్యకు వచ్చాక పడింది. లేచింది. లేసు వదల్లేదు. మొత్తం ఇరవై మూడడుగులు. బూటు అతని కాలి మీద పడేసి, నా వైపు తిరిగి నవ్వింది.

అతను బూటు చూశాడు. దానిలో ఉన్న కోడి ఈక చూశాడు. నన్ను చూశాడు. చేతిలో చేద వదిలేశాను.

"మా కుక్కకి క్షమాపణ చెప్పు ముందు" అంది టోక్తోబుబు గోడ మీంచి.

ఎస్బెన్ నవ్వడం మొదలుపెట్టాడు. ఉల్లిపాయల నీళ్ళో మరేమో, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. రెండో బూటు కూడా తేవే తల్లీ అని నేను పిల్లతో అన్నాను. వెళ్ళి తెచ్చింది! అప్పుడే, 11.25కి, పోలీసు జీపు వచ్చింది. లెఫ్టినెంట్ గారూ, ఫిర్యాదు ఇచ్చిన ఆవిడా దిగారు. అతని సంచీ ఆవిడ తెచ్చింది.

అతను శనివారం దాకా ఉంటానన్నాడు, ఎవరూ అడక్కుండానే. ఆవిడ కూడా మా ఇంట్లోనే ఉంది. ఆవిడ బూట్లను ఎవరూ ముట్టుకోలేదు.

చదివి వినిపించారు. ఒక చోట "విదేశీయుడు మొదటి నుంచీ తన ఇష్టంతోనే ఉన్నాడు" అని ఉంది. అది లెఫ్టినెంట్ గారి మంచితనం. కొట్టివేయమన్నాను. ఆదివారం అతన్ని బూట్లు దాచి ఆపింది నేను. చివర "చేసినదానికి పశ్చాత్తాపపడుతున్నాను" అని చేర్చితే కేసు తేలికవుతుందని ఆయన చెప్పారు. ఇందులో ప్రతి మాటా నిజమని కింద నా చేత్తో సంతకం పెట్టాలట. అందుకే ఆ మాట రాయవద్దన్నాను.

సంతకం ఇక్కడేనా? తొందరగా చూపించండి నాయనా, పిల్ల అప్పుడే స్టేషను గేటు దాకా వెళ్ళిపోయింది.

(సంతకం) బుర్మకాన్ ఇ—

గమనిక: సంతకం మధ్యలో ఆగినది. వాంగ్మూలం ఇచ్చినవారు పిల్ల వెనకాల పరుగెత్తినారు. పట్టుకొనుటకు పదకొండు నిమిషాలు పట్టినది, నేను కూడా పరుగెత్తవలసి వచ్చినది. 11 గంటల 52 నిమిషాలకు సంతకం పూర్తి చేసినారు. — లెఫ్టినెంట్ తి. సాదిరోవ్