పక్కపీట మేడమ్ గారి ఆఖరి తనిఖీ

ప్రభుత్వోద్యోగంలో చేరవలసిన ఆ జూన్ పన్నెండవ తేదీ ఉదయాన, ఈ సంచిక ద్వారా మనం అభినందించుకుంటున్న పెద్దలు, కొడుకు బడి చొక్కాకు ఊడిన గుండీ కుడుతున్నారు. సూది సగం గుడ్డలో ఉంది, వీధి మొగలో బస్సు హారన్ వినిపిస్తోంది.

"చేరే రోజైనా వేళకు వెళ్ళవా తల్లీ? ఇలా ఇయ్యి, నేను కుడతాలే," అన్నారు అత్తగారు.

"మీకు కళ్ళజోడు దొరికేలోపు నేను కుట్టేస్తాను అత్తయ్యా," అంటూనే దారం పంటితో తెంపి, పరుగున వెళ్ళి బస్సెక్కారట. బాలల సంరక్షణ శాఖ హాజరు పట్టీలో తమ తొలి సంతకం ఆయాసంతో చేసినదేనని వారే నవ్వుతూ చెబుతుంటారు.

ఆ శాఖలో గుమాస్తాగా వారి తొలి సంవత్సరాలు వచ్చిన టపా విప్పడంలోను, పోవలసిన జవాబులకు శుభ్రప్రతి తీయడంలోను గడిచాయి. బాలసదనాల నుంచి, తల్లిదండ్రుల నుంచి, బంధువుల నుంచి ఎన్ని రకాల మొరలు వచ్చినా, శాఖ పంపే జవాబు మాత్రం ఒక్కటే: 'తమ విషయము పరిశీలనలో ఉన్నది.' ఆ వాక్యాన్ని రాసీ రాసీ వారి చేతికి అది సొంత పేరంత అలవాటైపోయింది. ఒకనాడు ఉండబట్టలేక పై అధికారి ముందుకు వెళ్ళి, "సార్, ఈ పిల్లవాడి సంగతి పోయినేడు కూడా పరిశీలనలోనే ఉంది. ఈలోగా వాడికి మీసాలొచ్చాయి," అన్నారు. అధికారి హాయిగా నవ్వారు. ఆ నెలాఖరుకే వారిని ఊరి చివరి బాలసదనానికి సహాయకురాలిగా బదిలీ చేశారు.

అది శిక్షేనని కార్యాలయమంతా చెవులు కొరుక్కుంది. వారూ అలాగే అనుకుని వెళ్ళారు. కానీ వారి ఉద్యోగ జీవితానికంతటికీ ఆధారమైన పద్ధతి అక్కడి భోజనాల గదిలోనే వారికి దొరికింది. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ పిల్లలను 'బాగున్నారా?' అని అడగడం, పిల్లలు వార్డెన్ మొహం వైపు ఒకసారి చూసి 'బాగున్నాం సార్' అనడం, అధికారి సంతోషంగా టీ తాగి వెళ్ళిపోవడం వారు మూలన నిలబడి ఎన్నోసార్లు చూశారు. అందుకని ఆ ప్రశ్న మానేశారు. పిల్లల వరసలో తామూ ఒక పీట వేయించుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని, "నిన్న ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడగడం మొదలుపెట్టారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పిల్లలు ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. ఒకరు స్నేహితురాలి పేరు చెబుతారు. ఒకరు 'తలుపు పక్కన' అంటారు. ఆ తలుపు దగ్గర ఒంటరిగా ఎందుకు కూర్చోబెట్టారో, ఎన్నాళ్ళుగా కూర్చోబెడుతున్నారో వెతుక్కుంటూ వెళితే, అప్పటిదాకా ఏ తనిఖీకీ కనిపించని సంగతులు బయటపడేవి. వారికి 'పక్కపీట మేడమ్' అనే పేరు అక్కడే వచ్చింది. మొదట వార్డెన్లు ఎగతాళిగా అన్నారు. తరువాత పిల్లలు ప్రేమగా అన్నారు. ఇప్పుడు మనమందరం గౌరవంగా అంటున్నాం.

బాలల సంరక్షణకు, సేవాశిక్షలకు సంబంధించి ప్రభుత్వ శాఖలను ప్రశ్నించడానికి మన జవాబుదారీ కార్యాలయం ఏర్పడినప్పుడు, తొలి తనిఖీదారుల్లో ఒకరిగా వచ్చిన వారు, మెట్టు మెట్టుగా ఎదిగి ప్రధాన విచారణాధికారిగా మనకు పెద్దదిక్కు అయ్యారు. మనకు ఆజ్ఞాపించే అధికారం లేదు. అడిగే అధికారం మాత్రమే ఉంది. అడిగించుకున్న అధికారి నెలకొకసారి జరిగే బహిరంగ విచారణలో, బాధపడినవారి ఎదుట నిలబడి జవాబు చెప్పాలి. వినడానికి ఇది గొప్పగానే ఉంటుంది. కానీ తిరిగినా గాలి రాని ఆ ఫ్యాను కింద, ఒక కాలు పొట్టిదైన ఆ బల్ల ముందు కూర్చుని, నిరుడు అడిగిన ప్రశ్ననే ఈ ఏడూ అడగడం మనిషిని ఎంతగా అరగదీస్తుందో ఈ సంచిక చదువుతున్న సహోద్యోగులకు నేను చెప్పనక్కర్లేదు. వారు బల్ల కింద చెప్పులు విడిచి, వాచిన పాదాలను చల్లని నేలకు ఆనించుకుని, గొంతు ఏమాత్రం పెంచకుండా అడుగుతూనే ఉండేవారు. ఒకసారి ఎవరో అధికారి అలవాటుగా 'పరిశీలనలో ఉంది మేడమ్' అంటే, "అలాగే సార్. మీరు పరిశీలిస్తున్నారు కదా, ఈలోగా పిల్ల ఎంత ఎత్తు పెరిగిందో చేత్తో చూపించండి," అన్నారు. ఆయన చేయి పైకెత్తి, ఎక్కడ ఆపాలో తెలియక, అలాగే గాలిలో ఉంచేశారు.

వారి సేవాకాలంలోని ఎన్నో సంగతుల్లో, చివరి సంవత్సరపు సంగతి ఒక్కటి ఇక్కడ చెప్పడం సముచితమని భావిస్తున్నాను.

తాను పనిచేసే బట్టల దుకాణంలో దొంగతనం చేసి పట్టుబడిన ఒక తల్లికి, ఎనిమిదేళ్ళ కూతురికి వేరే దిక్కు లేదన్న కారణంతో, న్యాయస్థానం జైలుకు బదులు సేవాశిక్ష వేసింది. ప్రభుత్వ ఆవరణలు ఊడ్చి శుభ్రం చేయాలి. పనివేళ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా. పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ ఉండడం లేదని సంరక్షణ శాఖ గమనించి, పిల్లను తీసుకువెళ్ళి బాలసదనంలో ఉంచింది. పనివేళ ఉదయానికి మారిస్తే పిల్లను పంపిస్తామని ఆ శాఖ అంది. సంరక్షణ శాఖ అడిగితే వేళ మారుస్తామని సేవాశిక్షల విభాగం అంది. వేళ మార్చడం వీలవుతుందని ముందు వాళ్ళు చెబితే అప్పుడు అడుగుతామని సంరక్షణ శాఖవారన్నారు. ఈ రెండు కార్యాలయాలూ ఒకే మేడలో పై అంతస్తు ఒకటి, కింది అంతస్తు ఒకటి.

మన కార్యాలయం పదే పదే అడిగిన మీదట ఒక జవాబు వచ్చింది: 'తల్లీబిడ్డలు ప్రతిదినము ఒకే ప్రాంగణములో ఉండునట్లు ఏర్పాటు చేయబడినది.' హమ్మయ్య అనుకున్నాం. ఆ ప్రశ్నను ఇక ముగించేద్దామన్నాం.

"చూసొద్దాం పదండి," అన్నారు వారు.

బాలసదనం భోజనాల గదిలో, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్న పిల్ల పక్కన పీట వేయించుకున్నారు.

"నిన్న ఎవరి పక్కన కూర్చుని తిన్నావమ్మా?"

"అమ్మకి ఎదురుగా."

"ఎదురుగానా? పక్కన కాదా?"

"అమ్మ అద్దం బయట కదా," అంది పిల్ల, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "పనికొచ్చినవాళ్ళు లోపలికి రాకూడదు. మాతో మాట్లాడకూడదు. సాయంత్రం వరండా ఊడ్చాక అమ్మ ఆ మెట్టు మీద కూర్చుని డబ్బా విప్పుతుంది. ఇక్కడ కూర్చుంటేనే కనిపిస్తుంది. అందుకే నేను ముందొచ్చి ఈ చోటు పట్టుకుంటా."

"మరి ఊరికే చూసుకుంటారా?"

"అమ్మ ముద్ద చేసి చూపిస్తుంది. నేనూ చూపిస్తా. ఎవరి ముద్ద పెద్దదైతే వాళ్ళు గెలిచినట్టు."

"ఎవరు గెలుస్తారు?"

"నేనే. అమ్మ కావాలనే చిన్నది చేస్తుంది. నాకు తెలుసు."

జరిగిందేమిటంటే, ఇరుశాఖలవారూ కలిసి ఆలోచించి, తల్లికి ఊడ్చే పనిని ఆ బాలసదనంలోనే వేశారు. శిక్షాపనికి వచ్చినవారు పిల్లలతో మాట్లాడరాదన్న నిబంధన ఒకటి ఉందని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తున్న వార్డెన్‌ను ఎవరూ అడగలేదు. "నేనేం చెయ్యను మేడమ్, అందరికీ ఒకటే రూలు. ఆవిడ కోసం కిటికీ తెర తీయించి పెడుతున్నా, అది కూడా రూలు కాదు," అంది వార్డెన్. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

తిరుగు దారిలో నాతో, "ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు, చూశావా? అందరూ మంచి పనే చేశామనుకుంటున్నారు. నాకు అలుపంతా అక్కడే," అన్నారు.

పదవీ విరమణకు మిగిలింది ఒక్క విచారణే. ప్రశ్న వేసిన అధికారి వెళ్ళిపోతే ఆ ప్రశ్నను మళ్ళీ మొదటినుంచి నమోదు చేయాలన్నది మన నిబంధన. వారి స్థానంలోకి ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో ఎవరికీ తెలియదు. ఆ రోజున గనుక జవాబు రాకపోతే పిల్ల ఇంకెన్నాళ్ళు ఆ అద్దం దగ్గర చోటు పట్టుకోవాలో ఎవరూ చెప్పలేరు.

రెండు శాఖల అధికారులూ వచ్చారు. ఎదుటి కుర్చీలో తల్లి కూర్చుంది.

"మా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు మేడమ్. వాళ్ళు వేళ మారిస్తే చాలు," అన్నారు సంరక్షణాధికారి.

"మా వైపు అసలే లేదు. వీరు అడిగితే చాలు," అన్నారు సేవాశిక్షల అధికారి.

వారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీరిద్దరూ ఒకే మేడలో ఉంటారు కదా సార్. టీ ఎక్కడ తాగుతారు?"

సంరక్షణాధికారి తడబడ్డారు. "వీరి గదిలోనే మేడమ్. మా అంతస్తుకు వచ్చేసరికి చల్లారిపోతుంది."

"నిన్న తాగారా?"

"తాగాం."

"ఏం మాట్లాడుకున్నారు?"

సేవాశిక్షల అధికారి నిజాయితీపరుడు. "మా అల్లుడి ఉద్యోగం సంగతి మేడమ్," అన్నారు.

హాలంతా గొల్లుమంది. తల్లి నవ్వలేదు. వారూ నవ్వలేదు. "ఈవిడకు చెప్పండి సార్. నాకు కాదు," అన్నారు.

సంరక్షణాధికారి తల్లి వైపు తిరిగారు. "అమ్మా, మీ విషయం పరిశీ..." అని ఆగిపోయారు. నుదురు తుడుచుకున్నారు. "మేము అడగలేదమ్మా. అడిగితే సరిపోయేది. అడగలేదు."

"ఇప్పుడు అడుగుతారా సార్?" అంది తల్లి.

ఆ పొట్టికాలు బల్ల మీదే ఒకరు అడుగుతూ రాశారు, ఒకరు ఒప్పుకుంటూ సంతకం పెట్టారు. నెలల తరబడి కానిది, తెప్పించిన టీ చల్లారేలోపు అయిపోయింది. మేము సంబరపడ్డాం. వారు మాత్రం చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ, "ఇంత తేలికని ముందే తెలిస్తే బాగుండేది. ఒక పిల్ల ఇన్నాళ్ళ తిండి అద్దం ముందు తినేసింది," అన్నారు. వారి బల్ల మీద జవాబు రాని ప్రశ్నల కట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. అవి ఇప్పుడు మనవి.

పిల్లను ముందు కొన్ని వారాల పాటు ఇంటికి పంపి, ఆపైన ఒక తనిఖీ జరిగాక స్థిరపరచాలన్నారు. ఆ తనిఖీ వారి చివరి పనిదినం నాటి మధ్యాహ్నానికి పడింది.

ఆ ఉదయం మన హాలులో జరిగిన వీడ్కోలు సభలో వారి భర్తగారు మాట్లాడుతూ, "మా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందనాలంటే కూడా నేను ఆధారాలు సిద్ధం చేసుకోవాలి," అని అందరినీ నవ్వించారు. ఇకనైనా వారికి ఫోను మోగని ఉదయాలు దొరకాలని, ఆ పాదాల వాపు తగ్గాలని, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేని పూటలు బోలెడన్ని మిగలాలని, ఆరోగ్యంతో, నిండైన ఆయుష్షుతో, భర్తగారి ఛలోక్తులు, కొడుకు, కోడలి ఆదరణ, మనవల అల్లరి మధ్య వారు చిరకాలం సుఖంగా ఉండాలని మన కార్యాలయం పక్షాన మనసారా కోరుకుంటున్నాను. వారికి ఈ మాటలు సభలోనే చెప్పవలసింది. చెప్పేలోగా వారు పూలగుచ్ఛం నా చేతిలో పెట్టి, "పద, తనిఖీ ఉంది," అన్నారు.

సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద ఒకే ఒక గది ఆ తల్లి ఇల్లు. ఇనుప మెట్లు ఎక్కడానికి వారు రెండుసార్లు ఆగారు. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల, గోడకు ఆనుకుని కూర్చున్న తల్లి అలాగే నిద్రపోయింది. ఇప్పుడామె పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఒంటిపూట బడి నుంచి వచ్చి, బడి బట్టలైనా మార్చకుండానే పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఒక జడ అల్లడం పూర్తయింది. రెండోది సగంలో ఆగింది. దువ్వెన ఇంకా జుట్టులోనే ఉంది, తల్లి వేళ్ళు ఆ పాయల్లోనే ఉన్నాయి.

"లేపమంటారా మేడమ్? ఇద్దరినీ అడగవలసిన ప్రశ్నలున్నాయి," అన్నాను మెల్లగా.

వారు తల అడ్డంగా ఊపారు. గడప మీద కూర్చున్నారు. కింద ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. చాలాసేపు వారు ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయారు.

"మరి నేనేం రాసుకోను?" అన్నాను.

నిద్రపోతున్న ఇద్దరి వైపు చేయి చూపించారు. తరువాత తలుపు చట్రం పట్టుకుని లేచి, మెట్ల మీద చప్పుడవకుండా చెప్పులు చేత పట్టుకుని కిందికి దిగి వెళ్ళిపోయారు.