తడిక విప్పిన పూట

"నాయనమ్మా, ఏసీలు బిగించే లైసెన్సు కాగితాలు మళ్ళీ తిప్పి పంపారే. అనుభవం సర్టిఫికెట్టు లేదంట."

నవ్వొస్తోందిరా నాకు. నీ మీద కాదులే, కూర్చో. ఆ మాట నేను మీ తాతతో పాటు నిలబడి విన్నాను. యుద్ధం రోజులవి. బియ్యానికి కార్డు, కిరసనాయిలుకి కార్డు. ఇంక చల్లగాలి ఒక్కటే మిగిలిందని దానిక్కూడా లైసెన్సు పెట్టారు.

అప్పుడు ఏసీలెక్కడివి? వట్టివేళ్ళ తడికలే. వెదురుబద్దల చట్రం కట్టి, మధ్యలో వేళ్ళు పరిచి, పురికొసతో బిగించి గుమ్మాలకి వేలాడదీసేవాళ్ళం. పైనించి నీళ్ళు చల్లితే వడగాలి కూడా చల్లబడి, కమ్మటి వాసన మోసుకుంటూ లోపలికొచ్చేది. వేళ్ళు చల్లపల్లి వైపు నుంచి పడవల్లో దిగేవి. మోపు రూపాయి... కాదు, రూపాయిన్నర. మా అత్తగారు గీచి గీచి బేరమాడేది, మహా గడుసు మనిషిలే ఆవిడ. సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, తడికలు. ఎండాకాలం మూడు నెలలు కడితేనే ఏడాది తిండి మాకు.

ఆ ఏడు అన్ని ఆఫీసులకీ కట్టడం సగంలో ఉండగా వచ్చింది ఆర్డరు. ఎండిన వేళ్ళు అంటుకుంటాయి కాబట్టి లైసెన్సున్న కంట్రాక్టరే కట్టాలట. లైసెన్సు కావాలంటే లైసెన్సున్నవాడి దగ్గర పనిచేసినట్టు సర్టిఫికెట్టు తేవాలట. మరి ఊళ్ళో లైసెన్సున్నవాడెవడూ లేడు కదండీ అని మీ తాత అడిగితే, అది మా పని కాదు అన్నాడు గుమాస్తా. చూశావూ తెలివి? పిల్ల పుట్టకుండానే తల్లి పేరు అడిగినట్టు... కాదు, తల్లి పుట్టకుండానే పిల్లనడిగినట్టు.

మీ తాత నోట్లో నాలుక లేని మనిషి. నాలుగుసార్లు తిరిగి, అయిదోసారి కూలికి పోతానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళప్పటినించి వేళ్ళు కట్టిన చేతులు ఆయనవి. పదండి, నేనూ వస్తానన్నాను.

రోళ్ళు పగిలే ఎండ. ఆఫీసరుగారి గదిలో మాత్రం హాయిగా ఉంది. ఎందుకుండదూ, నెల క్రితం మేం కట్టిన తడికలేగా రెండు గుమ్మాలకీ. ఆ చల్లదనంలో కూర్చుని ఆయన మాకు రూలు చదివి వినిపించాడు. లైసెన్సు లేకుండా కట్టడం నేరమమ్మా అన్నాడు. నేను సరేనని లేచి, గుమ్మం దగ్గరికెళ్ళి పురికొస ముడి విప్పడం మొదలుపెట్టాను.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు?"

"లైసెన్సు లేనివాళ్ళు కట్టిన తడికండీ. తమరి గుమ్మానికే ఉంటే తమరికి మాటొస్తుంది."

రెండోదీ విప్పేశాను. వడగాలి లోపలికి కొట్టింది, కాగితాలన్నీ లేచాయి, బంట్రోతు వాటి వెంట పరుగు. ముందు కట్టెయ్యండి, లైసెన్సు సంగతి తరవాత చూస్తానన్నాడాయన. ఎట్లా కడతామండీ, నేరమని తమరేగా సెలవిచ్చారన్నాను. వెళ్ళి వరండాలో కూర్చున్నాం. మీ తాత వణుకుతున్నాడు పాపం, ఆ ఎండలో.

మూడు కాకముందే పిలిచారు. సర్టిఫికెట్టు ఊసే లేదు. లైసెన్సు కాగితం మీద సంతకం చేస్తుంటే ఆయన ముక్కు మీది చెమట చుక్క టపుక్కున పడి సిరా అలుక్కుపోయింది. తడికలు మళ్ళీ కట్టేసి, ఆ కాగితమే తెచ్చుకున్నాం.

పైఏడు ఆయనకి బదిలీ అయి కొత్తాయనొచ్చాడు. కాగితం వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి, సంతకం చెదిరింది, అసలుదో కాదో విచారించాలి, అందాకా పని ఆపండన్నాడు. నేను నోరు తెరవబోయాను. చూస్తే పక్కన మీ తాత లేడు. గుమ్మం దగ్గర నిలబడి, ఆ ఏడు మేం కట్టిన తడిక పురికొస ముడి మీద చెయ్యేసి, కొత్తాయన వంక చూస్తున్నాడు. నోట్లో నాలుక లేని మనిషే! ఆ పూట ఆయన్ని చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయిరా.

అవునూ, నీ కాగితాలు తిప్పి పంపిన ఆఫీసు ఏదీ? పోయిన వేసవిలో నువ్వెళ్ళి ఏసీ బిగించొచ్చావు, అదేనా?

"అదే, నాయనమ్మా."

మరింక నా ముందు కూర్చుని ఏం చేస్తున్నావు? లే, అన్నం తిని, మిట్టమధ్యాహ్నం బయల్దేరు. పనిముట్ల సంచీ మాత్రం మర్చిపోకు, నా బంగారం.